మంజీర ఒడ్డున టోపీ పిట్టల లెక్క

మాది కైకలూరు. కొల్లేటి గాలి పీల్చి పెరిగినదాన్ని. పక్షుల గురించి ఎవరైనా నాకు పాఠం చెప్పబోతే ఒళ్ళు మండుతుంది. బజార్లో బట్టల కొట్టు నడుపుకుంటూనే, చలికాలం వచ్చిందంటే మా బృందంతో కొల్లేటి గట్లు పట్టుకు తిరిగి పక్షుల్ని లెక్కపెడతాను. "నీకు చీరల లెక్క కంటే పిట్టల లెక్కే బాగా కుదురుతుంది" అని మా ఆయన వెక్కిరిస్తారు. వెక్కిరించనీండి! మా గూడబాతులు ఒకప్పుడు ప్రమాదంలో ఉన్న జాతుల పట్టీలో పై మెట్టు మీద ఉండేవి. ఆ తర్వాత ఒక మెట్టు కిందికి దిగాయి. ఆ పట్టీలో పైకెక్కడం ఏడుపు, కిందికి దిగడం పండగ. అట్టడుగు మెట్టు మీద ఉన్నవాటినే మనం కామన్ అంటాం. మావి దిగాయంటే ఊరూరా నాలాంటి వాళ్ళు ఎండనకా మంచనకా లెక్కలు రాయబట్టే గదా. అందులో పిసరంత నాదీ ఉందని నా గర్వం.

అలాంటి నేను మెదక్ వెళ్ళి, ఒక పిట్ట చేత నెత్తి మీద మొట్టించుకుని, కొత్త చీర పాడుచేసుకుని, వెళ్ళినప్పటికంటే రెట్టింపు గర్వంతో తిరిగొచ్చాను. వెళ్ళనివాళ్ళ కోసం ఆ ముచ్చట చెబుతాను.

పిలిచింది రూతమ్మ టీచర్. మెదక్‌లో సైన్సు చెప్పి రిటైరయిన మనిషి. పక్షుల పిచ్చివాళ్ళం కాబట్టి ఫోన్లోనే స్నేహం కుదిరింది. ఆమె బాధంతా ఒక్క పిట్ట గురించి. నదుల మీద తిరుగుతుంది. తెల్లటి ఒళ్ళు, పచ్చటి ముక్కు, ఎర్రటి కాళ్ళు, చీలిన తోక, నెత్తిన నల్ల టోపీ. అక్కడివాళ్ళు టోపీ పిట్ట అంటారు. గూడు కట్టదు. వేసవిలో నీళ్ళు తగ్గాక నది మధ్య తేలిన ఇసుక దిబ్బ మీద చిన్న గుంట చేసి గుడ్లు పెడుతుంది, ఆ గుంటే దాని గూడు. దిబ్బలు పోతున్నాయి కాబట్టి ఆ పిట్టా పోతోంది. పట్టీలో ఈమధ్యే ఒక మెట్టు పైకెక్కింది కూడా.

మెదక్ దగ్గర మంజీరలో అవి గుడ్లు పెడతాయని టీచరమ్మ అంటుంది. సర్వేకి వచ్చినవాళ్ళు మాత్రం వచ్చిన ప్రతిసారీ ఒడ్డున ఉన్న రైతుని అడగడం, అతను "ఏం లెవ్వు సార్" అనడం, వీళ్ళు రాసుకుపోవడం. ఈ వేసవిలో కూడా గూళ్ళు కనబడలేదంటే, ఆ పిట్టలుండే చోట్లకి చుక్కలు పెట్టే పటంలో ఆ ముక్క "ఒకప్పుడు ఉండేవి, ఇప్పుడు లేవు" అని ఖాయమైపోతుంది. ఖాయమైందా, దిబ్బ మీదికి ఇసుక ట్రాక్టర్లు దిగుతాయి. వద్దనడానికి ఎవరి చేతిలోనూ ఆధారం ఉండదు.

"ఎగిరే పిట్టను చూస్తున్న గని గూడు చూడలే బిడ్డా. నా ఒక్కదాని మాట చాలదంటున్నరు. జర నువ్వు రా" అంది. కొట్టు మా ఆయనకి అప్పజెప్పి రైలెక్కాను.

మనోహరాబాద్

ఎక్కడమైతే ఎక్కాను గానీ, హైదరాబాద్ దాటాక కునుకు పట్టింది. ఎవరో "సిద్దిపేట దిక్కు పోయేటోళ్ళు దిగుండ్రి, దిగుండ్రి" అని కేక పెట్టారు. నిద్రమత్తులో సంచి పట్టుకుని అందరితో పాటు నేనూ దిగిపోయాను! కళ్ళు నులుముకుని చూసేసరికి వెళ్ళిపోతున్న నా రైలు వెనక డబ్బా కనిపించింది.

ప్లాట్‌ఫాం చివర తాటి ముంజలు అమ్మే ఆమె నన్నే చూస్తోంది.

"ఏడికి పోవాలె అక్కా?"

"మెదక్ అమ్మా."

"అయ్యో, మెదక్ బండే గదా పోయింది!" అని కడుపు పట్టుకుని నవ్వింది. నాకు ఒళ్ళు మండింది గానీ ఆమె నవ్వు చూసి నేనూ నవ్వేశాను.

మా వైపు కాయ చెక్కి చేతికిస్తే బొటనవేలితో పొడుచుకుని, మోచేతుల దాకా కార్చుకుంటూ తింటాం. అక్కడ ముంజలు తీసి ఆకులో పోసి డజన్ల చొప్పున అమ్ముతున్నారు. అరవై చెప్పింది, యాభైకి ఇచ్చింది. పైన రెండు వేసి, "రైలు తప్పినందుకు" అంది. బస్సు దారి కూడా ఆమే చెప్పింది.

కౌడిపల్లి

బస్సు మారడానికి కౌడిపల్లిలో ఆగాను. చాయ్ హోటల్లో కూచుంటే నా మెళ్ళో వేలాడే దుర్భిణీ మీద పడ్డాయి అందరి కళ్ళూ.

"మేడం, గిది దేనికి?" అన్నాడు హోటలాయన.

"పిట్టల్ని చూడ్డానికి."

"ఇంకేడి పిట్టలు మేడం? మా హోటల్ల పిచ్చుకలు గుంపులు గుంపులు ఉండె. ఒక్కటి లేదిప్పుడు. ఖతమైనయ్."

పక్క బల్ల మీద రైతు అందుకున్నాడు. "పిచ్చుకలు పోయినయ్, నెమళ్ళు వచ్చినయ్. మక్కచేను మొత్తం మేస్తున్నయ్. ముట్టుకుంటె కేసు. పిచ్చుకను వదిలి గీ నెమలిని కాపాడుడేంది?"

అసలే నాకు ఎవరైనా చెవి ఒగ్గితే చాలు. మొదలుపెట్టాను. నెమలి మన జాతీయ పక్షి కాబట్టి చట్టం కాపాడుతోంది, ఆ సంగతి వేరు. పట్టీలో మాత్రం నెమలీ పిచ్చుకా రెండూ కామన్ మెట్టు మీదే ఉన్నాయి అన్నాను. హోటలంతా నా మీద విరుచుకుపడింది.

"గదెట్ల? మా దగ్గర ఒక్కటి లేకపాయె, కామన్ ఎట్లయితది?"

"మీ హోటల్లో లేవు. ఇంకో ఊళ్ళో చూరు నిండా ఉన్నాయి. దేశదేశాల్లో ఉన్నవన్నీ చూస్తారు. ఎంత మేర బతుకుతున్నాయి, ఈడొచ్చిన పక్షులు ఎన్ని మిగిలాయి, పిల్లల తరం, మనవల తరం వచ్చేసరికి ఎంత వేగంగా తగ్గుతున్నాయి, ఇవన్నీ చూసి మెట్టు వేస్తారు. సరైన లెక్కే లేకపోతే తెలియదు అనే రాస్తారు. తెలియకపోవడం వేరు, లేకపోవడం వేరు."

హోటలాయన గల్లాపెట్టె వైపు చూశాడు. "అంటె, నా గల్లాల పైసల్ లెవ్వంటె దేశంల పైసల్ లెవ్వని కాదన్నట్టు."

"అంతే!"

"సమజైంది" అన్నాడు. చాయ్‌కి పది రూపాయలు మాత్రం ముక్కుపిండి తీసుకున్నాడు.

మెదక్

టీచరమ్మ ఇల్లు పెద్ద చర్చికి నాలుగడుగుల దూరంలోనే. దిగగానే "రైలు దిగుడు రాదు గని పిట్టలు లెక్కవెడ్తదట" అని ఎగతాళి. ఆ సాయంత్రం చర్చి మెట్ల మీద కూచున్నాం. చల్లటి రాయి, పిల్లల ఆటలు, పక్కన వేయించిన పల్లీల వాసన. ఆ ఊళ్ళో పొద్దుగూకితే మనుషులు ఆ మెట్ల మీదికి చేరతారు, మేము కాలవ వంతెన మీదికి చేరినట్టు.

రాత్రి జొన్నరొట్టె, మటన్ కూర, పచ్చిపులుసు. పులుసు కాచరట! చింతపండు పిసికి, ఉల్లిపాయా కాల్చిన మిరపకాయా నలిపి అలాగే పోశారు. మా ఇంట్లో చింతపులుసు అన్నాక పొయ్యి ఎక్కాల్సిందే. మొదటి ముద్దకి మొహం చిట్లించాను. మూడోసారి నేనే గిన్నె దగ్గరికి లాక్కున్నాను.

అన్నం తిన్నాక టీచరమ్మ అసలు సంగతి చెప్పింది.

"సర్వీసు ఉన్నన్ని రోజులు మంజీర పిట్టల పాఠం చెప్పిన బిడ్డా. పుస్తకంల లేకున్న చెప్పిన. మన ఏట్ల గుడ్లు వెట్టి పిల్లల్ని చేస్తయ్, మస్తు గొప్ప జాగ మనది అని చెప్పిన. ఎంతమంది పోరగాండ్లు విన్నరో. ఇప్పుడు పటంల మంజీర ఖాళీ అని వడ్డదనుకో, నేను చెప్పిందంత అబద్ధమైతది."

మంజీర మీద చుక్క ఎలాగైనా పటంలో పడాల్సిందే అనుకున్నాను. నాకు పంతం వస్తే మా ఆయనక్కూడా భయమే.

హవేలిఘనపూర్ దారిలో

పొద్దున్నే ఆటో మాట్లాడుకున్నాం. యాసంగి కోతలు, మా దాళ్వా లాంటివే, రోడ్డంతా వడ్లే. సగం రోడ్డు వడ్లది, సగం మనుషులది. ఆటోవాడు ఒక్క గింజ తొక్కకుండా వంకర్లు తిప్పుకుంటూ పోనిచ్చాడు. మా వైపు ఇలా ఆరబోస్తే హారన్ల మోతే గదా అన్నాను. "తినే గింజ మీదికెల్లి ఎట్ల పోనిస్తం మేడం?" అన్నాడు.

ఆ ఒడ్డు రైతు పేరు రాజిరెడ్డి. ఒకప్పుడు సర్పంచ్ చేశాడు. ఆయన పొలం మంజీరలోకి దిగుతుంది, ఎదురుగా నది నడుమ ఇసుక దిబ్బ. మోటారు గది ముందు వేపచెట్టు కింద మంచం వేసి కూచోబెట్టారు. ముందు నీళ్ళు, తర్వాత చల్ల, తర్వాత "అన్నం తిని పోవాలె" అన్న హుకుం. వాళ్ళమ్మ లచ్చవ్వ పక్కనే చింతపండు గింజ తీస్తోంది.

"టోపీ పిట్టలా? గవ్వి ఎప్పుడో పోయినయ్ అక్కా" అన్నాడు రాజిరెడ్డి, నా కళ్ళలోకి సూటిగా చూసి.

"ఒక్కటీ లేదా?"

"ఏం లెవ్వు."

టీచరమ్మ మొహం వాడిపోయింది. ఇంత దూరం వచ్చి, ముంజలు తిని, రైలు తప్పి, ఇదా అనుకున్నాను. చేసేదేముంది, భోజనానికి ముందు కాళ్ళు కడుక్కుందామని నీళ్ళ దగ్గరికి దిగాను.

చీలమండలు తడిశాయో లేదో, నెత్తి మీద ఠపీమని ఒక్కటి పడింది! తలెత్తేసరికి తెల్లటి రెక్కలు, నల్ల టోపీ, చెవులు చిల్లులు పడేలా అరుపు. రెండోది వచ్చింది. అది మొట్టలేదు. అంతకంటే ఘోరం చేసింది. కొత్త మంగళగిరి చీర, భుజం నుంచి కుచ్చిళ్ళ దాకా తెల్లగా గీత! నేను "ఓరి నాయనో" అని ఒడ్డుకి పరిగెత్తాను.

మామూలప్పుడు ఆ పిట్ట మనిషి జోలికి రాదు. గుడ్లో పిల్లలో దగ్గర్లో ఉంటేనే వస్తుంది.

లచ్చవ్వ బోసినోటితో ఒకటే నవ్వు. రాజిరెడ్డి మాత్రం తల దించుకున్నాడు.

"లెవ్వన్నవ్ కద కొడుకా," అంది టీచరమ్మ, "మరి మా మేడం చీర మీద గిదేంది?"

మోటారు గది దగ్గర

రాజిరెడ్డి తువ్వాలు తెచ్చి ఇచ్చాడు. అబద్ధం ఆడినందుకు నేను తిట్టబోతుంటే లచ్చవ్వ చెయ్యి ఎత్తింది.

"వాన్నేం అనకు బిడ్డా, నేనే చెప్పద్దన్న. పొదిగిన కోడి కింద గుడ్లు లెక్కవెడ్తరా ఎవ్వరన్న? దిష్టి తాకి మురిగిపోతయ్. మా అత్త కాలంకెల్లి గిదే రివాజు. దిబ్బ మీద పిట్టలు కూసున్నయంటె ఆ దిక్కు వేలు చూపెట్టం, అడుగు వెట్టం."

"చెప్పకపోతే పోనీ, లేవని ఎందుకు చెప్పారు?" అన్నాను రాజిరెడ్డితో.

"ఉన్నయంటె, ఎన్ని అంటరు గదక్కా" అన్నాడు.

ఎన్నని అడిగితే చెప్పకూడదు, కాబట్టి లేవు. ఆ ఒక్క మాటకి నది ముక్క పటంలో ఖాళీ అయిపోయింది.

నాకు కోపం ఆగలేదు. "మీరు దిష్టి తగలకుండా దాచారు. ఆ దాచడమే వాటి కొంప ముంచుతోంది. లేవని రాసుకుంటే రేపు ఆ దిబ్బని ట్రాక్టర్లలో ఎత్తుకుపోతారు!"

"గింత గుంపు ఉన్నది, వాటికేం కొదువ అక్కా? కామన్ పిట్టలే అనుకున్న."

"మీ ఒడ్డున నిలబడి చూస్తే కామనే. మిగతా నదుల సంగతి? కృష్ణ ఒడ్డు పట్టుకుని నేను ఎన్నిసార్లు తిరిగానో, ఇలాంటి దిబ్బ నా కళ్ళబడలేదు. ఉన్నచోట గుంపుగా ఉంటాయి, ఉన్న చోట్లే తగ్గిపోతున్నాయి. అందుకే ప్రమాదం పట్టీలో మెట్టు ఎక్కింది."

రాజిరెడ్డి దిబ్బ వైపు తిరిగాడు. లుంగీ సర్దుకున్నాడు. "అంటె, వేరే తాన లేనిది మా తాన ఉన్నదా?"

"అదే గదా నేను చెప్పేది."

"ట్రాక్టరోళ్ళు నన్ను దారి అడిగిండ్రక్కా. పిట్టలు కూసుంటయని ఇయ్యలే. పక్క పొలమోడు ఇస్తనంటుండు" అన్నాడు. మాటలో తేడా వచ్చింది, నిలబడ్డ తీరులో కూడా తేడా వచ్చింది. నాకు ముచ్చటేసింది.

అయినా లచ్చవ్వ దగ్గర పప్పులుడకలేదు. లెక్క మాత్రం వద్దంటే వద్దు. గూళ్ళ లెక్క లేనిదే పటంలో చుక్క పడదు. గూళ్ళు కనబడేది ఆ మోటారు గది గట్టు మీంచే. అవతలి గట్టు పల్లం, అక్కణ్ణుంచి ఇసుకే కనబడుతుంది. దుర్భిణీతో గప్‌చుప్‌గా నేనే లెక్కపెట్టేస్తానని టీచరమ్మ చెవిలో అన్నాను. ఆమె నన్ను చిన్నపిల్లని కసిరినట్టు కసిరింది. "కూసో! ఇన్నేండ్లు కాపాడినోళ్ళను మోసం చేసి ఏం కాపాడ్తవ్?"

నోరుమూసుకుని కూచున్నాను. అది నాకు చాలా కష్టమైన పని.

టీచరమ్మ లచ్చవ్వ పక్కన చేరి తనూ చింతపండు గింజ తీయడం మొదలుపెట్టింది. "లచ్చవ్వా, కల్లంల వడ్లు కొలుస్తరు గదా. మరి దానికి దిష్టి తాకదా?"

"ఎందుకు తాకుతది? ఒకటి అనం గదా. లాభం అంటం."

"మా చర్చిల కోతల పండుగకు వడ్లు తెస్తె మేము గూడ గట్లనే కొలుస్తం. లాభం, రెండు, మూడు. గీ పిట్టలను గూడ వడ్లు కొలిచినట్టె కొలిస్తె?"

లచ్చవ్వ చేతిలో గింజ ఆగిపోయింది. మా నాన్న కళ్ళంలో కుంచం ఎత్తి "లాభం" అని పాడినట్టు అనడం నాకు గుర్తొచ్చింది. కొల్లేటి గట్టు మీద ఇన్నేళ్ళుగా ఒకటి, రెండు అని లెక్కపెడుతున్నాను, ఈ ఊహ నాకెప్పుడూ రాలేదు.

లచ్చవ్వ ఆలోచించి ఆలోచించి తీర్పు చెప్పింది. "మంచిది. గని బయటోళ్ళు కొలవద్దు. మొదటి మానిక ఇంటోడే కొలవాలె. మా రాజిగాడే కొలుస్తడు."

దిబ్బకి ఎదురుగా

మర్నాడు ఎండ ముదరక ముందే మళ్ళీ వెళ్ళాం. రాజిరెడ్డి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వడ్లు కొలిచే రోజు అలాగే వస్తాడట. చెప్పులు విప్పి గట్టెక్కాడు. నా దుర్భిణీ కళ్ళకి పెట్టుకుని తిప్పుకోవడం చేతకాక, ముందు తన మోటారు పైపు చూసి "అబ్బో, ఎంత పెద్దగున్నది!" అన్నాడు. సరిచేసి ఇచ్చాను.

ఈసారి దిబ్బ వైపు తిప్పాడు.

"అక్కా, కడుపు నీళ్ళల్ల ముంచుకుని వచ్చి గుడ్ల మీద కూసుంటున్నది."

"ఇసుక కాలుతుంది గదా. గుడ్లు ఉడికిపోకుండా తడి చేస్తుంది. మనం దిబ్బ మీదికి వెళ్ళి వాటిని లేపామా, ఆ కాసేపటికే గుడ్లు పోతాయి. మీ వాళ్ళు అటు అడుగు పెట్టలేదు, అందుకే ఇన్నేళ్ళు నిలిచాయి."

రాజిరెడ్డి గొంతు సవరించుకున్నాడు. లచ్చవ్వ కొంగు నెత్తిన కప్పుకుని చేతులు జోడించింది. టీచరమ్మ కళ్ళు మూసుకుని ఏదో ప్రార్థన గొణుక్కుంది. నదంతా వినబడేలా అతను ఎత్తుకున్నాడు.

"లాభం!"

రాశాను. "రెండు" అన్నాడు. "మూడు" అన్నాడు. కళ్ళంలో అన్నట్టే ఒక్కో అంకె సాగదీసి, ఇంకోటి పలికే దాకా గాలిలో నిలబెట్టాడు. నేను ఫోటోలు తీసుకున్నాను, అతను పలికిన ఒక్కో అంకెకీ గూడు సరిచూసుకున్నాను. ఒక్క గూడు తేడా రాలేదు. నాకు తెలిసిన లెక్కలన్నిట్లో అంత గౌరవంగా జరిగిన లెక్క అదే.

అయ్యాక లచ్చవ్వ అడిగింది, "గిప్పుడు అందరికి తెలుస్తదా మా దిబ్బ ఏడున్నదో?"

"తెలియదవ్వా. గూళ్ళున్న చోటు బయటపెట్టరు, దొంగలు పడతారని. అందరూ చూసే పటంలో పెద్ద సున్నా చుట్టి ఇందులో ఎక్కడో ఉన్నాయి అని ఊరుకుంటారు. సరైన చోటు లెక్క కట్టేవాళ్ళకే తెలుసు."

రాజిరెడ్డి తొడ చరిచాడు. "గదే గదా మా అమ్మ ఇన్నేండ్లు చేసింది!"

లచ్చవ్వ కొంగు సర్దుకుని అందరికంటే ముందు నడిచింది. ఆ పూట నాటుకోడి కోసి మా ఇద్దరికీ కొసరి కొసరి వడ్డించింది.

తిరిగొచ్చాక

చీర మీద మరక పోలేదు. పోనివ్వను కూడా. కొట్టుకొచ్చినవాళ్ళు ఇదేం డిజైనని అడిగితే, మెదక్ డిజైనంటున్నాను.

వాన చినుకులు పడే వేళకి టీచరమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, మనం పంపిన లెక్క సర్వేవాళ్ళు ఒప్పుకున్నరు! మంజీర మీద చుక్క వడ్డది!" అంది. ఆ తర్వాత ఇద్దరం కాసేపు ఏడ్చుకున్నాం, దాచడమెందుకు. ఆమె పాఠం నిజమైంది. ట్రాక్టర్ల అర్జీకి అడ్డం చెప్పడానికి ఆధారం దొరికింది, దారి ఇస్తానన్న పక్క పొలం ఆయన కూడా వెనక్కి తగ్గాడట. టోపీ పిట్ట మాత్రం ఇంకా పై మెట్టు మీదే ఉంది. ఒక్క దిబ్బతో దిగదు. కానీ ఎప్పుడైనా దిగితే, అందులో పిసరంత హవేలిఘనపూర్ వాళ్ళది.

నిన్నగాక మొన్న టీచరమ్మ ఇంకో ముచ్చట చెప్పింది. కొత్తగా ఎవరో సర్వేకి వచ్చి, ఎప్పటిలాగే రాజిరెడ్డిని అడిగారట. ఆయన మంచం మీంచి లేచి నిలబడి, "ఉన్నయ్ సార్. మస్తుగ ఉన్నయ్. ఎన్నని మాత్రం అడగకుండ్రి" అన్నాడట.

ఇంతసేపు చదివిన మీకూ ఆ అంకె అడగాలని నోరు దురద పెడుతూనే ఉంటుంది. మొదటిది లాభం, అంతవరకే చెబుతాను. తక్కినది అడక్కండి. ఉన్నాయి.